బోర్లా పడింది ఏ తేదీన? పసివారి ఎదుగుదలను రాసి పెట్టుకోవడం ఎందుకు అవసరం

తాపీ నది ఒడ్డున, 48వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న కామ్‌రేజ్ సూరత్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. మరమగ్గాలు, బట్టల మార్కెట్లు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలతో విస్తరిస్తున్న సూరత్ నగరం ఈ వైపునకూ చేరువవుతోంది. ఇటువంటి చోట అద్దె ఇంట్లో కాపురముంటున్న ఒక తెలుగు జంటకు పది నెలల పాప ఉందనుకోండి. అంగన్వాడీలో పాపను తూచిన తరువాత ఆరోగ్య కార్యకర్త ఒక చిన్న ప్రశ్న అడుగుతుంది. పాప ఆసరా లేకుండా కూర్చోవడం ఎప్పుడు మొదలుపెట్టింది? దసరాకు ముందే అని తల్లి అంటుంది. కాదు, దీపావళి సెలవుల్లో అని తండ్రి అంటాడు. ఇద్దరూ తమ మాటే నిజమనుకుంటారు.

రెండు పండుగల మధ్య ఉన్నది ఇరవై రోజుల దూరమే. కూర్చోవడం విషయంలో ఇరవై రోజుల తేడా వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. అయితే ప్రశ్న మరొకటి కావచ్చు. పాప తన పేరు విని తిరిగి చూడడం ఎప్పటినుంచి? నిరుడు అన్న రెండు మాటలు ఇప్పుడూ అంటోందా? వీటికి జవాబు జ్ఞాపకం మీద ఆధారపడితే వైద్యుడికి దారి దొరకదు. బిడ్డ బరువుకు కార్డులో గీత ఉంటుంది, ఆ గీత మీద ప్రతి చుక్కకూ ఒక తేదీ ఉంటుంది. బిడ్డ నేర్చిన పనులకు మాత్రం చాలా ఇళ్ళలో తేదీ ఉండదు. వైద్యులు బరువు, పొడవులను పెరుగుదల అంటారు. మెడ నిలపడం, నవ్వడం, పట్టుకోవడం, నడవడం, మాట్లాడడం వంటివాటిని వికాసం అంటారు. తూకం యంత్రం మొదటిదాన్ని చూపగలదు. రెండోదాన్ని రోజూ చూసేది కన్నవారే.

నువ్వుండల నుంచి అరిసెల వరకు

తేదీ రాసుకోకపోయినా, వికాసాన్ని గుర్తుంచుకునే పద్ధతి తెలుగు ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. ప్రాంతాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి పిండివంట మారుతుంది. పని పేరుకూ వంట పేరుకూ మొదటి అక్షరం కలవడం మాత్రం చాలావరకు మారదు.

ఈ వరుసను ఇప్పటి శిశువైద్యుల పట్టికతో పోల్చి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మనిషి ముఖం చూసి నవ్వడం సుమారు రెండో నెల నాటికి వస్తుంది. తరువాత బోర్లా పడడం, కూర్చోవడం, పాకడం, నిలబడడం, నడవడం. శరీరం మీద అదుపు తల నుంచి మొదలై క్రమంగా కిందికి దిగుతుందన్న సూత్రం ఈ పిండివంటల వరుసలోనే ఉంది. గడప దాటడాన్ని వేరుగా లెక్కించడం మరింత సూక్ష్మమైన పరిశీలన. చదునైన నేల మీద పాకడం వేరు. అడ్డంగా ఉన్న ఎత్తును చూసి, చెయ్యి ముందు వేసి, ఒక కాలు ఎత్తి, బరువు మార్చుకుని అవతలికి దిగడం వేరు. నేటి అపార్ట్‌మెంట్లలో చాలా గదులకు గడపలే లేవు కనుక గారెలు వండే సందర్భమే తప్పిపోతోంది!

అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, బంగారం, డబ్బు, కత్తి వంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూసే వేడుక కూడా ఇటువంటిదే. పట్టుకున్న వస్తువును బట్టి బిడ్డ భవిష్యత్తు చెప్పడం సరదా. కానీ ఎలా పట్టుకుందన్నది అంతకంటే విలువైన సమాచారం. ఆ వయసు బిడ్డ రెండు చేతులనూ దాదాపు సమానంగా వాడాలి. ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒక చేత్తోనే అందుకుంటూ, రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచితే అది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో అని మురిసిపోకూడదు. రెండో వైపు బలహీనత ఉందేమో వైద్యుడు చూడాలి.

పిండివంటలు పంచడంలో మరొక ప్రయోజనం ఉండేది. అరిసెలు తిన్న ప్రతి ఇల్లూ ఆ విషయానికి సాక్షి. తల్లి మరచినా, కొత్త బియ్యం వచ్చిన రోజుల్లో కదా మీ వాడు నడిచింది అని పొరుగింటావిడ గుర్తుచేసేది. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి తరలివచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలుగు మాట వీధుల్లోనే వినిపిస్తుంది. నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. అటువంటి బస్తీలో నాయనమ్మ జ్ఞాపకానికి ఇంకా చోటుంది. బంధువులకు దూరంగా, నగరం అంచున విడిగా కాపురం పెట్టినవారికి ఆ సాక్షులు లేరు. సిరిసిల్లలోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మమ్మ బిడ్డను చూసేది వీడియో కాల్‌లోనే. ఆ పది నిమిషాల్లో బిడ్డ నిద్రపోతూ ఉండవచ్చు.

పాత ఆచారంలో ఒక లోపం కూడా ఉంది. అది జరిగినదాన్ని పండుగ చేస్తుంది. జరగనిదాన్ని పట్టి చూపదు. నోటుపుస్తకం అవసరం అక్కడే మొదలవుతుంది.

డార్విన్ రాసుకున్నది

కన్నబిడ్డను గమనిస్తూ రాసుకున్నవారిలో ప్రపంచానికి బాగా తెలిసిన తండ్రి చార్లెస్ డార్విన్. ఆయన మొదటి కుమారుడు విలియం 1839 డిసెంబరు 27న పుట్టాడు. తుమ్ము, ఆవలింత, పాలు తాగడం మొదలుకొని భయం, కోపం, నవ్వు, మొదటి మాట వరకు డార్విన్ రాసుకున్నారు. ఆ నోటుపుస్తకంలో ఆయన భార్య ఎమ్మా చేతిరాత కూడా ఉంది. ఆ రాతలు 37 ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయాయి. ఫ్రెంచి రచయిత ఇపొలిట్ తేన్ తన కూతురు మాటలు నేర్చిన తీరు గురించి రాసిన వ్యాసం చదివాక, 1877లో డార్విన్ తన పాత నోట్లను తీసి ‘మైండ్’ పత్రికలో ప్రచురించారు. అంతకాలం తరువాత కూడా ఏ పని ఎన్నో రోజున అన్నది ఆయన చెప్పగలిగారంటే కారణం జ్ఞాపకశక్తి కాదు, ఆనాడే రాసి ఉంచడం.

అందులో తెలుగువారికి ముచ్చట గొలిపే సంగతి ఒకటుంది. సరిగ్గా ఏడాది వయసులో విలియం ఆహారానికి తనంతట తానే ఒక మాట కల్పించుకున్నాడు. ఆ మాట ‘మమ్’. తెలుగు తల్లులు ‘మమ్మం’ తింటావా అని అడుగుతారు. గుజరాతీ ఇళ్ళలోనూ పసివారి భోజనం ‘మమ్మమ్మే’. పెదవులు మూసి తెరిస్తే పలికే ఈ ధ్వని పసినోటికి సులువు.

డార్విన్‌కు ముందే జర్మనీలో తీడెమాన్ తన కుమారుడి గురించిన పరిశీలనలను 1787లో ప్రచురించారు. 1882లో విల్హెల్మ్ ప్రైయర్ తన కొడుకు మొదటి మూడేళ్ళ పరిశీలనలను పుస్తకంగా తెచ్చారు. అమెరికాలో మిలిసెంట్ షిన్ తన అన్న కుమార్తె రూత్‌ను గమనించి రాసిన గ్రంథం 1900లో ప్రజాదరణ పొందింది. తల్లులు ప్రేమతో చూస్తారు కనుక నిష్పక్షపాతంగా రాయలేరని ఆనాటి పండితులు కొందరు అనేవారు. బిడ్డ పక్కనే లేని పండితుడికి రాయడానికి ఏమీ దొరకదన్నది వారికి తట్టినట్టు లేదు.

ఒకే తేదీ కాదు, ఒక అవధి

ఒక బిడ్డ గురించి ఎంత వివరంగా రాసినా, మరో బిడ్డ ఎప్పుడు నడవాలో దాని నుంచి చెప్పలేము. అందుకు చాలామంది పిల్లల వివరాలు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది పిల్లలను నెలల తరబడి గమనించి ఆరు శారీరక నైపుణ్యాలకు అవధులను 2006లో ప్రకటించింది. భారత్‌లో పరిశీలన జరిగింది ఢిల్లీలో. శిక్షణ పొందిన సిబ్బంది ఇంటికి వెళ్ళి చూసేవారు. వారితోపాటు బిడ్డను చూసుకునేవారు కూడా తేదీలను విడిగా రాసేవారు.

ఆ లెక్కల ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చేతులు, మోకాళ్ళ మీద పాకడానికి 5.2 నుంచి 13.5 నెలలు. ఒంటరిగా నిలబడడానికి 6.9 నుంచి 16.9 నెలలు. ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలలు. అంటే పక్కింటి బిడ్డ పది నెలలకే నడిచినా, మన బిడ్డ పదహారో నెలలో నడిచినా ఇద్దరూ అవధిలోనే ఉన్నారు. మొత్తం పిల్లల్లో 4.3 శాతం మంది చేతులు, మోకాళ్ళ మీద పాకనే లేదు; ఆ దశ లేకుండానే నడక నేర్చారు. పాకుండలు వండే అవకాశం రాలేదని బెంగ పడనక్కరలేదు.

కామ్‌రేజ్ మీదుగా పోయే రహదారి మీదనే ఉత్తరానికి వెళితే వడోదర వస్తుంది. భారతీయ శిశువుల వికాసాన్ని కొలవడంలో ఆ నగరానికి ప్రత్యేక స్థానం ఉంది. అమెరికాలో నాన్సీ బేలీ రూపొందించిన పరీక్షలను మన దేశపు పిల్లలకు అనువుగా మార్చి, ఇక్కడి పిల్లల వయసు ప్రమాణాలను నిర్ణయించిన పని అక్కడి మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ప్రమీలా ఫాటక్ నాయకత్వంలో జరిగింది. భారతీయ శిశువుల వికాస మూల్యాంకన ప్రమాణాలు అలా వచ్చాయి. వాటిని 1997లో సవరించారు. ఆ బరోడా ప్రమాణాల నుంచే 17 అంశాలు ఎంపిక చేసి తిరువనంతపురం శిశు వికాస కేంద్రం 1991లో ఒక చిన్న పటాన్ని తయారుచేసింది. రెండేళ్ళలోపు పిల్లలకు దాన్ని వాడడం చాలా తేలిక. ప్రతి అంశానికీ ఒక అడ్డ పట్టీ ఉంటుంది. వంద మంది పిల్లల్లో ముగ్గురు ఆ పని చేయగలిగే వయసు దగ్గర పట్టీ మొదలై, 97 మంది చేయగలిగే వయసు దగ్గర ముగుస్తుంది. బిడ్డ వయసు దగ్గర పెన్సిలునో స్కేలునో నిలువుగా పెట్టాలి. దానికి ఎడమ వైపే ముగిసిపోయిన పట్టీల్లోని పనులన్నీ బిడ్డకు వచ్చి ఉండాలి. ఏ ఒక్కటి రాకపోయినా పరీక్ష చేయించాలి.

ఈ పటం చదవాలన్నా బిడ్డకు ఏవి వచ్చో, ఎప్పటినుంచి వచ్చో తెలియాలి. ఆ సంగతి ఇంటి నుంచే రావాలి.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ విషయంలో లెక్క మారుతుంది. నలభై వారాలకు బదులు 32 వారాలకే పుట్టిన బిడ్డకు ఏడాది నిండితే, ఎనిమిది వారాలు తీసివేసి సుమారు పది నెలల బిడ్డగా చూడాలి. రెండేళ్ళ వయసు వరకు ఈ సవరణ చేస్తారు. నోటుపుస్తకం మొదటి పుటలో పుట్టిన తేదీతోపాటు ఎన్నో వారంలో పుట్టిందీ, పుట్టిన వెంటనే ఏడ్చిందీ లేనిదీ, బరువెంతో రాసుకుంటే ఆ తరువాత చూసే ప్రతి వైద్యుడికీ ఉపయోగం.

ఏమి రాయాలి

ఖరీదైన పుస్తకం అవసరం లేదు. బడి నోటుపుస్తకం చాలు. గోడ క్యాలెండరులో గళ్ళు కూడా పనికొస్తాయి. ‘పాప ఈ రోజు నడిచింది’ అని రాస్తే సంతోషం నిలుస్తుంది కానీ సమాచారం తక్కువ. ‘మంచం పట్టీ వదిలి తలుపు వరకు నాలుగు అడుగులు వేసింది, ఎవరూ పట్టుకోలేదు’ అని తేదీతో రాస్తే అది నమోదు. ఆసరాతోనా, ఆసరా లేకుండానా అన్న ఒక్క మాట వైద్యుడికి ఎంతో తేడా చూపుతుంది. మొదటిసారి జరిగినదాన్ని రాయడమే కాక, అది మళ్ళీ జరిగిందా అని వారం తరువాత ఒక గుర్తు పెట్టాలి. ఒకసారి పొరపాటున బోర్లా పడడానికీ, పడడం నేర్చుకోవడానికీ మధ్య చాలా తేడా ఉంది.

పెద్ద ఘట్టాల కంటే చిన్న పనులే తరచుగా మరుగున పడిపోతాయి. మరమరాల గింజను బొటన వేలు, చూపుడు వేలు కలిపి రెండు వేళ్ళతో ఎత్తడం. దాచిన గిన్నెను వెదకడం. పోతున్న తండ్రికి చెయ్యి ఊపడం. ఆకాశంలో విమానాన్నో, వీధిలో కుక్కనో వేలితో చూపి, తల్లి కూడా చూస్తోందా అని వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడడం. ఈ చివరి పని చూడడానికి ఏమంత విశేషంగా ఉండదు, ఎవరూ దానికి మిఠాయి పంచరు. కానీ తాను చూసినదాన్ని మరొకరితో పంచుకోవాలన్న కోరిక బిడ్డకు కలిగిందనడానికి అది గుర్తు. ఆటిజం విషయంలో నిపుణులు శ్రద్ధగా అడిగేవాటిలో ఇదొకటి.

మరమగ్గాల కార్ఖానాల్లో పన్నెండు గంటల పాళీలు మామూలు. రాత్రి పాళీ తండ్రి బిడ్డను చూసేది పగటి వేళ, తల్లి అలసి కునుకు తీసే సమయంలో. అందువల్ల ఇద్దరూ ఒకే పుస్తకంలో రాయడం మంచిది. ఒకరి దగ్గర మాత్రమే చేసే పనులు పిల్లలకు ఉంటాయి.

మాటల లెక్క ఏ భాషలో?

వలస కుటుంబాల్లో ఎక్కువ గందరగోళం మాటల దగ్గరే వస్తుంది. ఇంట్లో తెలుగు, పక్కింటి ‘బా’ దగ్గర గుజరాతీ, టీవీలోనూ దుకాణంలోనూ హిందీ. ఏడాదిన్నర బిడ్డ ‘అమ్మ’, ‘తాత’, ‘లాల’ అంటోంది. దాహమేసినప్పుడు ‘భూ’ అంటోంది. తల్లి మూడు మాటలనే లెక్కిస్తుంది. నాలుగోది ఆమెకు అర్థం లేని కూత. గుజరాతీ ఇళ్ళలో పసివారితో మాట్లాడేటప్పుడు నీళ్ళను ‘భూ’ అంటారని తెలిస్తే, ఆ బిడ్డకు వచ్చినవి నాలుగు మాటలు.

బిడ్డ ఏ భాషలో అన్నా, సందర్భానికి తగినట్టు మళ్ళీ మళ్ళీ అంటే అది మాటే. అన్ని భాషల మాటలనూ కలిపి లెక్కించాలి. నీళ్ళకు ఒక భాష, అన్నానికి మరో భాష వాడడం అయోమయం కాదు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలందరూ చేసేదే. ఎక్కువ భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్న నమ్మకం విస్తృతంగా ఉన్నా, పరిశోధనలు దాన్ని సమర్థించడం లేదు. ఇంట్లో తెలుగు మానేసి, వచ్చీరాని హిందీలో బిడ్డతో మాట్లాడమని ఇచ్చే సలహా వల్ల మేలు జరగదు. బిడ్డకు సమృద్ధిగా, సహజంగా వినిపించే భాష ఒకటి పోతుంది, అంతే.

ఈ విషయానికి మరో వైపు కూడా ఉంది. మూడు భాషల మధ్య ఉన్నాడు కదా, అందుకే మాట్లాడడం లేదు అని రెండో ఏడు దాటే వరకు కూర్చోవడం మరింత ప్రమాదకరం. ‘వాళ్ళ నాన్నకూ మూడేళ్ళకే మాటలొచ్చాయి’ అన్న ఓదార్పు కూడా అటువంటిదే. రెండు మూడు భాషలు వినే బిడ్డయినా 12 నెలలకు ముద్దుపలుకులు, సైగలు. 16 నెలలకు ఒంటి మాటలు. 24 నెలలకు తనంతట తాను రెండు మాటలు కలపడం ఏదో ఒక భాషలో రావాలి. రాకపోతే మొదట చూడవలసింది భాషను కాదు, వినికిడిని.

పుట్టుకతో వినికిడి లోపమున్న బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊకొడుతుంది, కూనిరాగాలు తీస్తుంది. అందుకే ఇంట్లో అనుమానం రాదు. నెల లోపు వినికిడి పరీక్ష, లోపం ఉంటే మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స లేదా వినికిడి పరికరం మొదలుపెట్టాలని నిపుణులు చెబుతారు. ఆ పరీక్ష జరగని చోట ఇంటి పరిశీలనే మొదటి జల్లెడ. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో ఆ పరిశీలనకూ జాగ్రత్త కావాలి. తలుపు గట్టిగా వేస్తే బిడ్డ ఉలిక్కిపడిందంటే, నేల అదిరినందుకు కావచ్చు. చప్పట్లు కొడితే తిరిగిందంటే, చెయ్యి కదలిక కంటబడి ఉండవచ్చు. చప్పుడు తగ్గిన వేళ, బిడ్డకు కనబడకుండా వెనుక నుంచి, మెల్లగా పేరు పిలిచి చూడాలి. ఆరేడు నెలల తరువాత కూడా తిరగకపోతే ఆ తేదీ రాసి వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

వచ్చింది పోయినప్పుడు

ఆలస్యంగా రావడం కంటే ఆందోళన కలిగించేది, వచ్చిన నైపుణ్యం పోవడం. పద్నాలుగో నెలలో ఐదు మాటలు అన్న బిడ్డ ఇరవయ్యో నెలలో ఒక్కటీ అనడం లేదు. చెయ్యి ఊపేది, ఇప్పుడు ఊపడం లేదు. పట్టుకు నిలబడేది, ఇప్పుడు కూలబడిపోతోంది. ఏ వయసులోనైనా ఇలా జరిగితే ఆగకూడదు. నాడీ సంబంధమైన వ్యాధులు, కొన్ని రకాల మూర్ఛలు, ఆటిజం ఇలా బయటపడవచ్చు. వాటిలో కొన్నింటికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత ఫలితం.

ఇక్కడ తేదీలున్న పుస్తకానికి సాటి మరొకటి లేదు. అప్పట్లో ఏదో అనేది అని తల్లి చెబితే, అది మాటా, ఊకొట్టడమా అని వైద్యుడికి సందేహం వస్తుంది. ఇంట్లో పెద్దలు కూడా, నీకు అలా అనిపించిందిలే అంటారు. మార్చి 3న ‘పాలు’, మార్చి 19న ‘పోదాం’, ఏప్రిల్ అంతా ఈ రెండూ, జూన్ తరువాత ఏదీ లేదు అన్న రాత ముందు ఆ వాదన నిలవదు. తల్లి మాటకు బలం చేకూర్చే పుస్తకమిది.

ఎవరికి చూపాలి

గుజరాత్‌లో తల్లీబిడ్డలకు ఇచ్చే మమతా కార్డులో టీకాలు, బరువు గీతలతోపాటు వయసు వారీగా బిడ్డ చేయవలసిన పనుల బొమ్మలూ, ప్రమాద సూచనలూ ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు కూడా ఈ కోవదే. చాలామంది టీకాల పుట తెరిచి మూసేస్తారు, బొమ్మల పుట చూడరు. ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలని 2018లో మొదలైన పథకం చెబుతోంది. ఆ రోజు నోటుపుస్తకం బయటికి తీయడం మంచిది. అంగన్వాడీకి ‘బాలశక్తి’ పొట్లాల కోసం వెళ్ళినప్పుడు కూడా ఆ ప్రస్తావన చేయవచ్చు.

2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, వికాసంలో ఆలస్యాలు వారు చూస్తారు. అనుమానమున్నవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. అక్కడ చికిత్స ఉచితం. ఏడాదికి రెండే రోజులు కనుక ఆ రోజు బిడ్డకు జ్వరమొచ్చినా, కొత్త ముఖాలు చూసి ఏడుపు లంకించుకున్నా పరీక్ష సరిగా సాగదు. ఇంట్లో చేసే పనులేవీ అక్కడ చేయదు. అప్పుడు బృందానికి ఆధారం కన్నవారి మాటా, రాతా. తెలుగు నేల మీద సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ ఈ రంగంలో 1984 నుంచి పనిచేస్తోంది.

ఫోను సంగతి

ఈ రోజుల్లో నమోదు అంటే చాలామందికి గుర్తొచ్చేది ఫోను కెమెరా. అది మంచి సాధనమే. బిడ్డ నడిచే తీరులో తేడా ఉన్నా, ఉన్నట్టుండి తల వాల్చి చేతులు ముందుకు విదిలిస్తున్నా అర నిమిషం వీడియో తీసి చూపితే, పది నిమిషాల వివరణ కంటే వైద్యుడికి అది మేలు. పసివారి మూర్ఛలు కొన్ని చూడడానికి ఉలికిపాటులాగే ఉంటాయి. వీడియో లేకుంటే గుర్తించడం కష్టం.

అయితే ఫోనుకు రెండు చిక్కులున్నాయి. కెమెరా తీయగానే బిడ్డ అడుగులు ఆపి ఫోను కోసం చేతులు చాస్తుంది. ఏడాది పిల్లలకు తెర చూపడం తగదనీ, రెండేళ్ళ వయసులో గంటకు మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఎదుగుదలను పట్టుకోవడానికి తెచ్చిన వస్తువే ఎదుగుదలకు అడ్డం రాకూడదు. రెండోది, వైద్యుడికి చూపవలసింది ఊరంతటికీ చూపడం. స్నానం చేస్తున్న బిడ్డ వీడియో కుటుంబ వాట్సాప్ గుంపు దాటి ఎక్కడికి పోతుందో పంపినవారి చేతిలో ఉండదు. పైగా అటువంటి గుంపుల్లోనే పోలికలు మొదలవుతాయి. మా వాడు అప్పటికే పరుగెత్తాడు అన్న ఒక్క సందేశం, అవధిలో ఉన్న బిడ్డ తల్లికి నిద్ర లేకుండా చేయగలదు.

వలస కుటుంబాలు మరొకటి గమనించాలి. కామ్‌రేజ్‌లో ఇచ్చిన మమతా కార్డు గుజరాతీ లిపిలో ఉంటుంది. దీపావళికి మగ్గాలు ఆగినప్పుడో, పని పోయినప్పుడో కుటుంబం తెలంగాణకు వస్తే, అక్కడి నర్సు ఆ కార్డులో అంకెలు, తేదీలు తప్ప మిగతాది చదవలేకపోవచ్చు. తెలుగులో రాసుకున్న పుస్తకానికి సూరత్ ఆసుపత్రిలో అదే ఇబ్బంది. కాబట్టి తేదీలను అంకెల్లో వేసి, పని పక్కన ‘నడిచింది’ అని రాయడంతోపాటు కార్డులోని బొమ్మ వరుస సంఖ్యనో, చిన్న గీత బొమ్మనో వేసుకుంటే రెండు చోట్లా పనికొస్తుంది. ప్రయాణానికి ముందు కార్డు పుటలూ, నోటుపుస్తకం పుటలూ ఫోటో తీసి ఊళ్ళో ఉన్న ఒకరికి పంపి ఉంచాలి. రైల్లో సంచి పోయినా, టీకా ఎప్పుడు పడిందో, బిడ్డ ఏ రోజున నిలబడిందో పోదు.